బావగారి ఇంట్లో పిల్లలాంటి పిల్ల

మా బావగారు చిలకలూరిపేటలో పిల్లల రక్షణ సంఘానికి అధ్యక్షులు. పిల్లల్ని ఎవరి నుంచి రక్షించాలన్నది సంఘం నియమావళిలో ఎక్కడా రాసుకోలేదు. రాసుకుని ఉంటే కార్యవర్గ సమావేశానికి ఎప్పుడూ కోరం ఉండేది కాదు. సభ్యుల్లో జిన్నింగు మిల్లుల యజమానులు ఉన్నారు, బస్టాండు దగ్గర హోటలు నడిపే ఆయన ఉన్నారు, పత్తీ మిరపకాయలూ కొని అమ్మే మా బావగారు ఉన్నారు. అందరి దగ్గరా పిల్లలు పుష్కలంగా పని చేసేవాళ్లు గనక సంఘానికి అనుభవం విషయంలో లోటు లేదు.

అవి పంతొమ్మిది వందల అరవైల నాటి రోజులు. నేను గుంటూరులో బి.ఏ. ముగించి, బి.ఇడి. సీటు కోసం ఎదురుచూస్తూ అక్క ఇంట్లో ఉన్నాను. ఎదురుచూడటానికి అంతకంటే అనువైన ఇల్లు జిల్లాలో ఉండదు. అక్కడ ఎవరూ ఏ పనీ చెయ్యనక్కరలేదు. చేసేవాళ్లు వేరే ఉన్నారు.

అక్కకు బడికి వెళ్లే కూతురు ఒకతె, ఏడాది నిండిన కొడుకు ఒకడు. కొడుకు ఆ వయసుకు ఉండవలసిన దానికంటే ఒక సైజు పెద్ద. వాణ్ణి ఎత్తుకోవడానికి ఒక పిల్ల ఉండేది. దానికి తొమ్మిదో పదో. కచ్చితంగా ఎవరికీ తెలియదు, తెలుసుకోవలసిన అవసరం ఎవరికీ రాలేదు. సత్తెనపల్లి దగ్గర పల్లె వాళ్లది, కిరస్తానీ కుటుంబం. తండ్రి లారీ మీద క్లీనరుగా వెళ్లి, ఏ ఊళ్లోనో దిగి, మళ్లీ ఎక్కడం మర్చిపోయాడు. తల్లి బావగారి గోడౌనులో మిరపకాయలకు తొడిమలు తీసేది. కూతుర్ని మా ఇంట్లో పెట్టింది. తిండికీ బట్టకీ అని ఒప్పందం. తిండి సంగతి సరే, బట్ట సంగతి తర్వాత వస్తుంది.

ఆ పిల్లను పనిపిల్ల అనడానికి మా ఇంట్లో వీల్లేదు. వచ్చిన కొత్తలో ఒకసారి నేను అనేస్తే అక్క నొచ్చుకుంది.

"అదేం మాటే? మా ఇంట్లో పిల్లలాంటిది" అంది.

నిజమే. ఇంట్లో పిల్లలు లేచే ముందే ఆ పిల్ల లేచేది. వాళ్లు తిన్నదే, వాళ్లు తిన్నాక తినేది. అక్క కూతురు బడికి వెళితే పుస్తకాల సంచి మోసుకుంటూ తానూ బడికి వెళ్లేది, గేటు దాకా. రోజంతా మావాడు దాని నడుం మీద ఉండేవాడు. వాడి బరువుకు ఆ పిల్ల ఒక పక్కకు వాలి నడిచేది. వాడు దిగాక కూడా అలాగే నడిచేది.

దేశమంతా బాలల దినోత్సవం నవంబరులో జరుపుకుంటుంది. మావాళ్లకు అది కుదరలేదు. నవంబరంటే పత్తి బండ్లు మిల్లుల ముందు బారులు తీరే కాలం. కార్యవర్గ సభ్యులకు తీరిక ఉండదు. ఆ మాటకొస్తే ఊళ్లో సగం మంది పిల్లలకూ ఉండదు, వాళ్లు ఆ మిల్లుల్లోనే పత్తి తట్టలు మోస్తూ ఉంటారు. అందుకని దినోత్సవాన్ని మాఘమాసానికి వాయిదా వేశారు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. పిల్లలెవరూ వ్యతిరేకించలేదు.

మాఘమాసానికి పత్తి కాస్త తగ్గి, మిరప జోరందుకుంది. ఊరంతా తుమ్ముతోంది. క్లబ్బులో సభ, ఉపన్యాసాలు, పిల్లలకు విచిత్ర వేషధారణ పోటీ అని నిర్ణయమైంది. ముఖ్య అతిథి గుంటూరు నుంచి వచ్చే ఒక అధికారి. ఆయనది కార్మిక శాఖ అని ఒకరు, కాదు రెవెన్యూ అని ఇంకొకరు. ఏ శాఖైనా గోడౌను ఉన్నవాడికి అవసరం పడేదే.

అక్కకు కూతురి వేషం గురించి బెంగ పట్టుకుంది.

"రాణి వేషం వెయ్యి" అన్నారు బావగారు, విస్తట్లో నుంచి తల ఎత్తకుండా.

"పోయినేడు స్టేజీ మీద రాణులే రాణులండీ. ఒక్కదానికీ ప్రైజు రాలేదు. ఎవరో కృష్ణుడు కొట్టుకుపోయాడు."

అప్పుడు బావగారు తల ఎత్తారు. ఆయనకు ఆలోచన వచ్చినప్పుడల్లా ముద్ద నోటి దాకా వెళ్లి ఆగేది. "వచ్చే ఆఫీసరు పేదవాళ్లంటే కళ్లనీళ్లు పెట్టుకునే మనిషట. కూలిపిల్ల వేషం వెయ్యి. మిరపకాయలు తొడిమ తీసే పిల్ల. మన ఊరికి మన వేషం."

"బావగారూ, ఆ వేషంలో మీ గోడౌను నిండా ఉన్నారు గదా. వాళ్లలో ఒకదాన్ని పంపిస్తే మేకప్పు కలిసొస్తుంది" అన్నాను.

"ఏమ్మాయ్, మీ నాన్న నిన్ను బి.ఏ. చదివించింది నన్ను ఎగతాళి చెయ్యడానికా?"

"ఎగతాళి ఆనర్సు వాళ్లకండీ. నాది ఉత్త పాసు కోర్సు."

ఆయన నవ్వారు. మా బావగారికి హాస్యం తెలియదని నేననను. తన మీద కాదనుకున్నంత సేపు బాగానే తెలిసేది.

వేషం ఖాయమైంది. ఇక తర్ఫీదు. గోడౌను నుంచి ఒక బుట్టెడు మిరపకాయలు వచ్చాయి. చంకపిల్లాణ్ణి ఎత్తుకునే పిల్లను గురువుగా నియమించారు. అది మా ఇంటికి రాకముందు తల్లితో కలిసి కూర్చుని తొడిమలు తీసిన పిల్లే. వెనక వరండాలో గోనె పరిచి, శిష్యురాల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. మావాడు గురువుగారి ఒళ్లోనే ఉన్నాడు, వాడికి సెలవు లేదు.

"ముచ్చిక కాడ గోరుతో ఇట్టా నొక్కాలండీ పాపగారూ. కాయ విరగ్గూడదు. విరిగితే గింజలు రాల్తాయి, మేస్త్రీ తిడతాడు."

"ఏమని తిడతాడే?"

"అయ్యి చెప్పగూడదండీ."

"చేతులు మండుతున్నాయే!"

"మండుతాయండీ. తర్వాత తెలీదు."

"ఎంతసేపటికి తెలీదూ?"

పిల్ల ఆలోచించింది. "నిద్దరపోయాకండీ" అంది.

ఇంతలో మా అక్క కూతురికి కన్ను దురద పెట్టింది. చెప్పవలసిన జాగ్రత్త గురువుగారు ముందే చెప్పారు. శిష్యురాలు ఇంట్లో ఏ జాగ్రత్తా విని ఎరగదు గనక విన్లేదు. తర్వాత లేచిన కేకకు పక్కింటి వాళ్లు గోడ మీదుగా చూశారు. అక్క పాలు తెచ్చి కంట్లో పోసింది. బావగారు డాక్టరుకు కారు పంపారు. డాక్టరు వచ్చి, కడిగి, చుక్కలు వేసి, ఏమీ ఫర్వాలేదన్నాడు. ఏమీ ఫర్వాలేదని తెలిశాక అక్కకు కోపం వచ్చింది. ఎడాపెడా రెండు తగిలించింది, గురువుగారికి.

"నీ కళ్లు మండవేమే? నీకేమీ కాదేం?"

"నేను ముట్టుకోనండి."

"ఇంత పొగరా!"

అందులో పొగరెక్కడుందో నాకు అర్థం కాలేదు. మండని కళ్లు ఉండటమే పొగరు అయి ఉంటుంది. ఆ సాయంత్రమే దర్జీని పిలిపించి ఎర్ర గుడ్డతో, లోపల దూది కూరి, మిరపకాయలు కుట్టించారు. చూడముచ్చటగా వచ్చాయి. ఇన్నేళ్ల మిరప వ్యాపారంలో పిల్లల చేతులు మండకుండా మా ఇంట్లో చేసిన ఏర్పాటు అదొక్కటే.

మిరపకాయలు కుదిరాయి. బట్టలు కుదరలేదు. దర్జీ కొత్త గుడ్డ తెచ్చి చింపి చూపించాడు. అక్క పెదవి విరిచింది. మా అక్కకు నిజంగానే కళాదృష్టి ఉంది. "చింపింది చింపినట్టే ఉంటుందయ్యా. కట్టీ కట్టీ చివికితే గానీ ఆ కళ రాదు" అంది. అంటూనే ఆవిడ చూపు వరండాలోని పిల్ల మీద పడింది. దాని పరికిణీకి మోకాలి దగ్గర మాసిక, మాసిక మీద ఇంకో మాసిక. రంగు ఏమిటో పోల్చుకోవడానికి లేదు. సరిగ్గా కావలసిన కళ.

ఆ పిల్లకు రెండు జతలున్నాయి గనక ఒకటి తీసుకున్నా ఒకటి మిగలాలి. మిగల్లేదు. పక్కింటి మిల్లు యజమాని భార్య వచ్చింది.

"వదినగారూ, మా అమ్మాయికి బిచ్చగత్తె వేషం అనుకున్నామండీ. మీ పిల్లదాని రెండో జత ఒక్క పూటకు ఇప్పిస్తారా? మా ఇంట్లో దానికి మొన్ననే కొత్తవి కుట్టించాం, ఎందుకూ పనికిరాకుండా పోయాయి."

అక్క ఇచ్చింది. మా ఇంటి చిరుగులకు వీధిలో అంత గిరాకీ ఉందని నాకు అంతవరకూ తెలియదు. పిల్లకు ఆ ఒక్క పూటకూ తొడుక్కోవడానికి కూతురికి పొట్టయిపోయిన నీలం గౌను ఒకటి ఇచ్చింది. మెడకు తెల్ల లేసు ఉన్నది. "సాయంత్రం దాకానే సుమా. మరక పడిందంటే చంపుతాను" అని కూడా చెప్పి ఇచ్చింది.

సభకు ముందు రోజు పిల్ల తల్లి వచ్చింది. గోడౌను నుంచి సరాసరి వచ్చినట్టుంది, పెరటి గుమ్మం దగ్గర నిలబడితే నాకు తుమ్ము వచ్చింది. చేతులు కొంగులో చుట్టుకుని, అక్కతో మాట్లాడింది.

"అమ్మా, నల్లపాడు కాడ మిషనోళ్ల బోర్డింగు ఉందంట. మా పల్లె చర్చీ ఉపదేశిగారు చెప్పారు. మాట్రనమ్మగారు రేపు ఇక్కడి చర్చీకి వస్తన్నారంట. పిల్లని చూసి, రేపు సాయంత్రం బస్సుకే తీసుకుపోతారంట. బడులు తెరిచేలోగా అచ్చరాలు దిద్దించి క్లాసులో కూసోబెడతారంటమ్మా."

"మంచిదేగా. తీసుకెళ్లవే, ఎవరొద్దన్నారు?" అంది అక్క. "దాని మంచి కోరేవాళ్లమే గానీ చెడు కోరేవాళ్లమా? కాకపోతే రేపు ఫంక్షనుంది. బాబు దాన్ని వదలడు. అది అయ్యాక తీసుకెళ్లు."

"ఎప్పుడవుద్దమ్మా?"

"ప్రైజులిచ్చాక."

"అప్పటికి బస్సు ఎల్లిపోద్దమ్మా."

"బస్సుదేముందే, రోజూ ఉంటుంది."

బస్సు రోజూ ఉంటుందన్నది నిజమే. మాట్రనే రోజూ ఉండదు. ఈసారి తప్పితే మళ్లీ ఏడాదికి గానీ ఆవిడ రాదనీ, అప్పటికి వయసు మీరిందంటారనీ తల్లి చెప్పబోయింది. అక్క అప్పటికే దూది మిరపకాయలు లెక్క చూసుకుంటోంది.

నేను పెరట్లోకి వెళ్లి ఆమెను ఆపాను. రేపు క్లబ్బు వెనక గేటు దగ్గరికి రమ్మన్నాను. స్టేజీ పక్కనే ఉంటుంది ఆ గేటు. బస్సుకు వేళయ్యే ముందు మాట్రన్ను కూడా అటువైపు తీసుకురమ్మన్నాను. ఆమె నన్ను కాసేపు చూసింది. బాగా చదువుకున్నవాళ్ల మాట నమ్మాలా వద్దా అని చూసే చూపు అది. ఆ చూపు తప్పని నేననుకోలేదు.

"అయ్యగారు మళ్లీ నన్ను గోడౌన్లోకి రానిస్తారా అమ్మా?"

రానిస్తారని చెప్పడానికి నాకు నోరు రాలేదు. రానివ్వరని చెప్పవలసిన అవసరం కూడా రాలేదు. ఆమే అంది: "పోనీలే అమ్మా. గోడౌన్లు శానా ఉన్నాయి. బోర్డింగు ఒకటే."

మర్నాడు క్లబ్బు నిండిపోయింది. రంగు కాగితాలు, మైకు, ముందు వరుసలో కుర్చీలు, వెనక బెంచీలు. బయట రోడ్డు మీద పత్తి లారీలు హారన్లు కొడుతుంటే ఉపన్యాసాలు మధ్య మధ్య ఆగుతూ సాగాయి. బావగారు పిల్లల్ని పువ్వులన్నారు. ఈ పువ్వులు వాడిపోకుండా చూడవలసిన బాధ్యత మనందరిదీ అన్నారు. మధ్యలో ఆయనకు దాహం వేసింది. హోటలు నుంచి వచ్చిన ఒక పువ్వు పరిగెత్తుకుంటూ వచ్చి గోలీసోడా కొట్టి ఇచ్చింది. బావగారు తాగి, ఖాళీ సీసా పువ్వు చేతికిచ్చి, వికసించడం గురించి మాట్లాడారు.

తర్వాత వేషాలు. కృష్ణులు వచ్చారు, వెళ్లారు. భరతమాత ఒకతె జెండా కర్ర తగిలి పడిపోయింది. పక్కింటి బిచ్చగత్తె బాగానే అడుక్కుంది. ఆఖర్న మా అక్క కూతురు. నెత్తిన బుట్ట, ఒంటి మీద ఆ పరికిణీ, ముఖానికి మసి, చంకలో తమ్ముడు. తమ్ముణ్ణి చేర్చింది బావగారే, చంకలో పసివాడుంటే జాలి రెట్టింపవుతుందని. జాలి విషయంలో ఆయన లెక్క ఎప్పుడూ తప్పదు.

తప్పింది పసివాడి విషయంలో. మావాడికి వాళ్లక్క నడుం అలవాటు లేదు. అటూ ఇటూ చూశాడు. స్టేజీ పక్కన తెర చాటున నా పక్కనే నీలం గౌనులో నిలబడ్డ పిల్ల కనిపించింది. రెండు చేతులూ అటు చాచి, వెనక్కి విరుచుకుపడి, ఊరు దద్దరిల్లేలా ఏడ్చాడు. మా అక్క కూతురు వాణ్ణి పట్టుకోలేక, "అయ్యా, నా చేతులు మండుతున్నాయి" అని తనకు నేర్పిన మాటను ఏడుపు గొంతుతో అంది. అది నటన కాదు. జనం మాత్రం చప్పట్లు కొట్టారు. ముఖ్య అతిథి జేబురుమాలు తీశారు. ఆయన గురించి విన్నది అబద్ధం కాదు.

అక్క కూతురు తెరచాటుకు వచ్చి, వాణ్ణి పిల్ల మీదికి విసిరినట్టుగా ఇచ్చి, మళ్లీ దండం పెట్టడానికి స్టేజీ మీదికి పరిగెత్తింది. వాడు ఆ క్షణమే నోరు మూశాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. గేటు అవతల తల్లి నిలబడి ఉంది. ఆమె పక్కన తెల్లచీర కట్టుకుని, గొడుగు చేత్తో పట్టుకుని, ఒక పెద్దావిడ. ఆమె గడియారం చూసుకుంటోంది.

"వాణ్ణిలా ఇవ్వు" అన్నాను.

"ఏడుస్తారండి చిన్నమ్మగారూ."

"ఏడవనీ."

"గౌనండీ? పాపగారి గౌను."

"నీ పరికిణీ స్టేజీ మీద ఉంది. దానికి ఫస్టు ప్రైజు వచ్చేట్టుంది, ఇప్పుడు విప్పరు. నువ్వు వెళ్లు."

"అమ్మగారు కొడతారండి."

"నన్ను కొట్టదులే, నేను చదువుకున్నదాన్ని."

పిల్ల వాణ్ణి నాకిచ్చింది. ఇచ్చి, నేను పట్టుకున్న తీరు నచ్చక, వాడి కాలు ఒకటి నా నడుం వెనక్కి సర్దింది. తర్వాత గేటు దాకా నడిచింది, పరిగెత్తలేదు. చంకలో ఎవరూ లేకపోయినా ఒక పక్కకు వాలే నడిచింది. పెద్దావిడ వంగి దాని వేళ్లు పట్టుకుని, విప్పి చూసి, ఏదో అడిగింది. దాని జవాబు నాకు వినిపించలేదు. నా చెవిలో మావాడు ఏడుస్తున్నాడు. ముగ్గురూ బస్టాండు వైపు తిరిగారు.

మా అక్క కూతురికి మొదటి బహుమతి. ముఖ్య అతిథి మైకు దగ్గరికి వచ్చి గొంతు సవరించుకున్నారు. "ఈ పాపను చూస్తుంటే నాకొక సందేహం వచ్చింది. ఇలాంటి పిల్లలు నిజంగా ఎక్కడైనా ఉన్నారేమోనని" అన్నారు.

"మన ప్రాంతంలో లేరండి" అన్నారు బావగారు, ముందు వరుసలోంచి లేచి నిలబడి.

సభ ముగిసి ఇంటికి వచ్చాక గాని పిల్ల లేదని తెలియలేదు. తెలియడం కూడా ఒక క్రమంలో తెలిసింది. అక్క మొదట "గౌనేదీ?" అంది. తర్వాత "పిల్లేదీ?" అంది. నేనే పంపానని చెప్పాను.

"గౌనుతోనా?"

"బట్టలు లేకుండా పంపడం బాగుండదని, గౌనుతోనే."

బావగారు ప్రైజు కప్పును బల్ల మీద ఎటు తిప్పితే బాగుంటుందో చూస్తూ, "స్టేషన్లో ఒక మాట చెబితే సరి. పిల్ల దొంగతనం చేసి పారిపోయిందంటే పొద్దున్నకల్లా తెచ్చి దింపుతారు" అన్నారు.

"చెప్పండి బావగారూ. పిల్లల రక్షణ సంఘం అధ్యక్షుల ఇంటి నుంచి ఒక పిల్ల బడికి పారిపోయిందని చెప్పండి. గౌను సంగతి వాళ్లడిగితే, దాని బట్టలు మీ దగ్గరే ఉన్నాయి, వాటికి ప్రైజు కూడా వచ్చిందని చెబుదురు గాని."

ఆయన కప్పును ఒకసారి తిప్పి వదిలేశారు. అక్క మాత్రం వదల్లేదు.

"దాని బతుకు బాగుపడాలని పంపావు. సరే. నా బతుకేం గాను? వీణ్ణి ఎవరెత్తుకుంటారే?"

వాడు ఆ ప్రశ్నకు తన వంతు జోడించి తెల్లవార్లూ ఏడ్చాడు. పొద్దున్నే బావగారు కారు తీయించారు.

"నువ్వూ రా అమ్మాయ్. మిషనోళ్లతో ఇంగ్లీషులో మాట్లాడాలి. పోగొట్టింది నువ్వేగా, నువ్వే అడిగి తీసుకురా."

కారు నడిపింది డ్రైవరు సాయిబు. ఆయనకు మనవరాళ్లున్నారు, వాళ్లు బడికి పోతారు. అద్దంలో నుంచి బావగారిని రెండు మూడుసార్లు చూశాడు, అంతే. బావగారు మాట్లాడుతూనే ఉన్నారు. మతం మార్చేస్తారన్నారు. పుట్టుకతో కిరస్తానీ అయిన పిల్లను ఏ మతంలోకి మారుస్తారో నేనడగలేదు. ఇంగ్లీషు కోసం గొంతు దాచుకుంటున్నాను.

బోర్డింగు పెద్దదేమీ కాదు. పెంకుటిల్లు, చుట్టూ వేపచెట్లు, గేటు లోపల ఇద్దరు పిల్లలు బావి దగ్గర బట్టలు ఆరేస్తున్నారు. మాట్రనమ్మ వరండాలోకి వచ్చి మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టింది. ఆవిడది బాపట్లట. ఆవిడ తెలుగు బావగారి తెలుగు కంటే బాగుంది. నా ఇంగ్లీషుకు పనిలేదని బావగారికి వెంటనే అర్థమై కొంచెం డీలా పడ్డారు.

"నిన్న తెచ్చిన పిల్ల కోసం వచ్చామండి" అన్నారు.

"మంచిదండి. రాత్రి బాగా నిద్రపోయింది. మీకేమవుతుందండీ?"

"ఏమవుతుందంటే, మా ఇంట్లో ఉంటుందండి."

"ఓహో. పెంచుకుంటున్నారా?"

"పెంచుకోవడమంటే… మా ఇంట్లో పిల్లలాంటిదండి."

"ఎంత మంచి మాటన్నారండీ" అంది మాట్రనమ్మ. ముఖంలో ఏమీ మారలేదు. "మరి ఇన్నాళ్లూ బడికి పంపలేదేమండీ? పలక పట్టుకోవడం రాదు."

"మా పాప చదువుకుంటుంటే అది పక్కనే ఉంటుందండి. విని నేర్చుకుంటుందనుకున్నాం."

"వేళ్ల మీద పుండ్లు కూడా పడ్డాయండి. మందు రాశాం."

బావగారు తన వేళ్లు చూసుకున్నారు. మేమెందుకు వచ్చామో చెప్పాలంటే ఒకటే మాట ఉంది. ఆ మాట అంటే పిల్లను అడిగే దారి దొరుకుతుంది: మా పనిపిల్ల, ఒప్పందం ప్రకారం మా ఇంట్లో ఉండాలి, తల్లి చెప్పకుండా తీసుకొచ్చింది. కానీ ఆ మాట ఆయన ఇంట్లోనే అనరు. బయట అసలే అనరు. నిన్న నిండు సభలో అలాంటి పిల్లలు లేరని చెప్పిన మనిషి. మాట్రనమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని ఓపిగ్గా చూస్తోంది. డ్రైవరు సాయిబు కారు దిగి వరండా మెట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు, ఎండగా ఉందని.

బావగారు నా వైపు వంగి, గొంతు తగ్గించి, "ఇంగ్లీషులో ఏదన్నా చెప్పవమ్మాయ్. మర్యాదగా ఉంటుంది" అన్నారు.

"పనిపిల్లను ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలుసండీ. చెప్పమంటారా?"

నేను గొంతు తగ్గించలేదు. అది నా అలవాటు కాదు.

"వద్దులే" అన్నారు బావగారు.

మాట్రనమ్మ ఆ మాట విననట్టే లేచి, లోపలికి వెళ్లి, ఉతికి మడిచిన నీలం గౌనును కాగితంలో చుట్టి తెచ్చి ఇచ్చింది. "మీ పాపది పొరపాటున వచ్చిందటండి. పిల్ల రాత్రే చెప్పి, తనే ఉతికింది. చూసిపోతారా? అక్షరాలు దిద్దుతోంది, పిలుస్తాను."

బావగారు వద్దన్నారు. ఎప్పుడైనా వస్తానన్నారు. రెండో శనివారం చూడవచ్చని మాట్రనమ్మ చెప్పింది. మీలాంటి పెద్దలు అండగా ఉండటం ఆ పిల్ల అదృష్టమని కూడా అంది. ఆవిడ వేళాకోళం చేస్తోందో లేదో నేను చాలాసేపు ఆలోచించాను. నాకు తెలిసిన ఎగతాళి పాసు కోర్సుదేనని అప్పుడు అర్థమైంది.

కారెక్కేటప్పుడు లోపల గదిలోంచి ఆడపిల్లలంతా ఒకే గొంతుతో అక్షరాలు చదువుతుంటే వినిపించింది. అందులో ఆ పిల్ల గొంతు ఏదో పోల్చుకోలేకపోయాను. మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ అది గొంతెత్తి మాట్లాడగా ఎవరూ విని ఉండలేదు.

తిరుగు దారిలో బావగారు గౌను పొట్లం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. రోడ్డు పక్క కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. చివరికి ఆయన నిట్టూర్చారు.

"మిషనోళ్లకు పిల్లలంటే బొత్తిగా జాలి లేదమ్మాయ్. మనవాడు రాత్రంతా ఏడ్చాడని ఒక్క మాటైనా అడిగిందా?"

సాయిబు దగ్గాడు. మిరప ఘాటేనేమో.

ఆ పిల్ల తల్లి తర్వాత బావగారి గోడౌనులో కనపడలేదు. ఆయన ఆమెను ఏమీ అనలేదు, ఆయన ఎవర్నీ ఏమీ అనరు. మేస్త్రీకి చెప్పారు, మేస్త్రీ అన్నాడు. ఆమె సత్తెనపల్లి వైపు ఎక్కడో పనికి కుదిరిందని విన్నాను. కూతురు మాత్రం వెనక్కి రాలేదు.

ఆ వారం అక్క తన కొడుకును తనే ఎత్తుకుంది. పుట్టాక మొదటిసారి అనను గాని, దాదాపు అంతే. వాణ్ణి నడుం మీద వేసుకుని వంటింట్లోంచి వసారాలోకి, వసారాలోంచి వంటింట్లోకి తిరిగింది. సాయంత్రానికి నడుం పట్టుకుని మంచం మీద కూలబడింది.

"వీడింత బరువుంటాడని నాకెవరూ చెప్పలేదేమే?" అంది. నిజంగానే ఆశ్చర్యపోయింది. అలాంటి విషయాల్లో మా అక్క అబద్ధమాడే మనిషి కాదు.

ఆదివారం లోగా నరసరావుపేట వైపు నుంచి ఇంకో పిల్ల వచ్చింది. బావగారే స్వయంగా చూసి తెచ్చారు. "ఈసారి కాస్త పెద్దదాన్నే తెచ్చాను. పదకొండు" అన్నారు నాతో, పిల్లల పట్ల తన బాధ్యత ఎరిగిన మనిషిలా.